పాట తెగే చోటు

జూన్ 3, మంగళవారం

సాయంత్రం అమ్మవారి గుడికి వెళ్ళాను. గుడికి అంటే గుడి గోడ దాకా. మా ఇంటామె సరోజ పోయి ఇంకా ఏడాది తిరగలేదు, లోపల అడుగు పెట్టకూడదు, కొండ మీది గుడికీ ఎక్కకూడదు. అయినా నేను లోపలికి ఎప్పుడు పోయాను గనుక? ఆడవాళ్ళ భజన. మగవాళ్ళ పని వాళ్ళను దించడం, బయట టీ తాగడం, ఎక్కించుకుని ఇంటికి పోవడం. ఇన్నేళ్ళూ మోపెడ్ ఆపిన చోటే, వేపచెట్టు కింద, ఆమె పోయాక మొదటిసారి ఇవాళ ఆపాను.

భజన నడిపే రుక్మిణమ్మ హార్మోనియం అందుకుంది. ముందు వినాయకుడి పాట, తర్వాత ఏదో కన్నడ పాట. మూడోది అందుకున్నారు. అందరి గొంతుల మీదుగా ఒక గొంతు లేచింది. పైకి, ఇంకా పైకి... నేను ఎప్పుడూ ఎదురుచూసే చోటే.

సరోజ గొంతు.

నా చేత్తో కొరివి పెట్టిన మనిషి లోపల పాడుతోంది. పక్కన మునిరాజు ఉన్నాడు. వాడి భార్య డోలక్ వాయిస్తుంది కాబట్టి వాడూ నా మాదిరే బయటి మనిషి. ఏమన్నా, అట్ల చెమట పట్టిందే అన్నాడు. ఏం లేదన్నాను. హారతి కాకముందే బండి తీశాను.

జూన్ 4

తోటకు పోలేదు. బేరిగై తోట నుంచి కూలీవాళ్ళ ఫోన్ — టమాటాకు మందు కొట్టాలా వద్దా. కొట్టండి, ఏమైనా చేయండి.

జూన్ 5, గురువారం

గురువారం భజన ఎవరో ఒకరి ఇంట్లో. ఇవాళ రైల్వే స్టేషన్ అవతల. వీధి చివర నిలబడ్డాను.

మళ్ళీ అదే గొంతు. అదే చోట.

దెయ్యమైతే భజన రోజులు చూసుకొని పద్ధతిగా వచ్చి తాళానికి సరిగ్గా పాడదు. మనిషి పోయింది, గొంతు ఉంది. అంటే ఆ గొంతు ఆ మనిషిది కాదు. ఇంత చిన్న లెక్క నాకు తెగేసరికి రెండు రోజులు పట్టింది.

మరి సరోజది ఏది?

జూన్ 7

ఇంట్లో సరోజ కూనిరాగమే తీసేది. సంగటి కెలుకుతూ, పూలు కడుతూ. సన్నగా, తనకు మాత్రమే. గుడిలో గొంతు విప్పుతుంది కాబోలు అనుకున్నాను. బయట నాకు వినబడినవాటిలో అన్నిటికన్నా మంచి గొంతును తీసి ఆమెకిచ్చేశాను. ఏ మొగుడైనా అంతే చేస్తాడు.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద చెప్పేవాణ్ణి. ఈరోజు పైకి బాగా పట్టినావే అని. వెనక నుంచి నవ్వు. తర్వాత — గుంతలు చూసుకొని పోప్పా.

అంతే. కాదని ఒక్కసారి అనలేదు.

జూన్ 10, మంగళవారం

మునిరాజును అడిగేశాను. ఆ పై గొంతు ఎవరిదిరా అని.

వాడు టీ గ్లాసు దించి నన్ను వింతగా చూశాడు. "మా లచ్చిమిది గదన్నా. ఇన్నేళ్ళుగా వింటాండావు, తెలీదా?"

డోలక్ మోగిస్తూ అంత పైకి ఎట్లా పాడుతుందిరా అన్నాను. వాడికి కోపం వచ్చింది. కాసేపటికి ఆ కోపం పోయి ఆలోచన పట్టుకుంది. హారతి అయింది. లక్ష్మి వచ్చి వెనక కూర్చుంటే వాడు బండి స్టార్ట్ చేయడం మరిచిపోయాడు.

జూన్ 14, శనివారం

వాన. పెరుమాళ్ళ గుడి లోపల కారుతోందని ఆడవాళ్ళు ముందు వసారాలోకి వచ్చి కూర్చున్నారు. పాడేటప్పుడు వాళ్ళ ముఖాలు మొదటిసారి చూశాను. ఆ గొంతు లేచేటప్పుడు ఏ నోరు తెరుచుకుంటుందా అని గొడుగు కింద నుంచి దొంగచూపు.

జయంతి.

కోస్తా వైపు అమ్మాయి. ఫ్యాక్టరీ ఆఫీసులో పని. స్కూటీ మీద తనే వస్తుంది, తనే పోతుంది. ఆమె కోసం బయట ఆగే మనిషి లేడు. అందుకే ఆ గొంతు ఆమెదేమో అని నాకూ మునిరాజుకూ తట్టలేదు.

రుక్మిణమ్మకు ఎడమ పక్క మడత చాప. ఎవరూ కూర్చోలేదు. అది సరోజ చోటు. ఈ బృందంలో పద్ధతి అది — పోయిన మనిషి చోటు ఏడాది ఖాళీగా ఉంచుతారు. తర్వాత ఇంటివాళ్ళు ఆమె వాయించే ఇత్తడి తాళాలను ఆకువక్కతో తమ చేత్తో ఇస్తేనే ఇంకొకరు కూర్చుంటారు. తాళాలు మా ఇంట్లో దేవుడి గూట్లో ఉన్నాయి.

ముఖం చూడాలనుకున్న మనిషి లేదు. చాప చూసి వచ్చాను.

జూన్ 16

కోపంగా ఉంది. పోయిన మనిషి మీద కోపం పాపమని తెలుసు. అయినా ఉంది. ఒక్క మాట. ఒకే ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. నన్ను పిచ్చోణ్ణి చేసి వెనక కూర్చుని నవ్విందా ఇన్నేళ్ళూ?

జూన్ 22, ఆదివారం. కృష్ణగిరి

భజనవాళ్ళను ఎవరో గృహప్రవేశానికి పిలిచారు. వాళ్ళు వ్యాన్లో. నేను మామిడికాయలు కొనే సాకుతో బస్సులో. శుభకార్యం ఇంటి గడప నేను తొక్కకూడదు. ఎదురుగా మామిడిపండ్ల బండి దగ్గర నిలబడ్డాను. బండివాడు ఎన్నిసార్లు అడిగాడో, ఏం కావాల ఏం కావాల అని.

మధ్యలో రుక్మిణమ్మ బయటికి వచ్చింది. గోడ పట్టుకుని, నోట్లో మందు పీల్చుకునే గొట్టం పెట్టుకుని. నన్ను చూసి దాన్ని కొంగులో దాచింది. అప్పటికే చూశాను.

సమయం కాదు. అయినా అడిగాను. సరోజ గొంతు ఏదమ్మా, ఆ పాటల్లో అని.

ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకుంటున్నాను.

"నాకు ఆయాసం కిష్టప్పా. శానా ఏండ్లుగా ఉండాది. వరస సగంలో ఊపిరి ఆగిపోతాది. ఆగిన చోటి నించి సరోజ అందుకొనేది, నా గొంతు మాదిరే పెట్టి. నేను ఊపిరి తీసుకొనేదాకా. మళ్ళా నేను వచ్చేస్తే ఆమె తగ్గిపోయేది. బయట ఉండేవాళ్ళకి అంతా ఒగే గొంతు."

మరి నాకెందుకు చెప్పలేదు?

"అడిగినా ఒగసారి. ఆ పై గొంతు నాది కాదని ఆయప్పకి తెలిస్తే నా గొంతు కోసం వెతుకుతాడు, వెతికితే మీ ఊపిరి బయటపడిపోతాదిలే అక్కా, అనింది."

లోపలి నుంచి పిలిచారు. వెళ్ళిపోయింది. నేను మామిడికాయలు కొనకుండానే బస్సెక్కాను. శూలగిరి దాటేదాకా ఏడుపు. పక్క సీటు పెద్దాయన ఏమీ అడగలేదు. మంచివాడు.

జూన్ 24, మంగళవారం

దొరికింది.

దశావతారాల పాట. పొడుగు వరసలు. రుక్మిణమ్మ ఎత్తుకుంది, సగం దాకా వచ్చింది — తెగింది. హార్మోనియం ఒక్కటే నడిచింది. ఒక గుక్క నీళ్ళు తాగేంత సేపు. మళ్ళీ ఆమె అందుకుంది.

ఆ మధ్యలో. సరోజ ఉన్నది అక్కడ.

జూన్ 26

ఇవాళా విన్నాను. ప్రతి అవతారానికీ తెగుతోంది. తెగినప్పుడల్లా ఆ కూనిరాగాన్ని తెచ్చి అక్కడ పెట్టుకుంటున్నాను. సరిపోతోంది. సరిగ్గా సరిపోతోంది.

జూలై 7, సోమవారం

సోమవారం కొండ కింద మండపంలో. పైన గుడిలో నాదస్వరం, డోలు. గాలి ఇటు తిరిగినప్పుడు వినబడుతుంది, అటు తిరిగితే లేదు. దాని తర్వాత మనవాళ్ళ భజన. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు ప్రసాదం తింటూ దిగుతున్నారు. నేను మెట్ల దగ్గర చెప్పులు కాసే అవ్వ పక్కన. కొండ ఎక్కకూడని నా సంగతి ఆమెకు తెలుసు. కింద ఉంటే ఏమి, పాట దిగి వస్తాది గదప్పా అంది.

సోమ, మంగళ, గురు, శుక్ర, శని. అయిదు సాయంత్రాలూ వెళ్తున్నాను. పొద్దున తోట, సాయంత్రం పాట. మునిరాజు నన్ను చూసి నవ్వుతున్నాడు. నీకు దించే మనిషి లేదు, ఎక్కించుకునే మనిషి లేదు, నాకన్నా ముందే వస్తావే అని. తర్వాత నాలుక కరుచుకున్నాడు. పర్వాలేదురా అన్నాను. నిజంగానే పర్వాలేదు. సంతోషంగా ఉన్నాను. సంతోషమే ఇది, ఇంకో పేరు లేదు.

జూలై 9

భజన లేని రోజు. ఏం తోచక కొత్త లేఅవుట్లో ఆ కాఫీ అంగడికి పోయాను, బుధవారం సాయంత్రాలు గిటారు వాయిస్తారని బోర్డు చూసి. ఐటీ పిల్లలు. పాడే కుర్రాడికి తెలుగు, తమిళం, కన్నడం అన్నీ వచ్చు, ఏదీ పూర్తిగా రాదు. బాగానే పాడాడు. పంచె కట్టుకున్నది నేనొక్కణ్ణే.

వాడు ఊపిరి తీసుకోవడం మైకులో పెద్దగా వినబడింది. ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ ఊపిరి తీసుకోవడం తప్పు కాదు.

జూలై 18

తళి ఊరి దారిలో అడవి ఏనుగులు దిగాయని బస్సులు ఆపేశారు. లక్ష్మి పుట్టింట్లో చిక్కుకుంది. డోలక్ లేకుండా భజన. డోలక్ లేకపోతే తెగే చోటు ఇంకా స్పష్టంగా... నాకు బాగుంది. రుక్మిణమ్మకు బాగుండి ఉండదు. ఇది ఇప్పుడు రాస్తుంటే తట్టింది. వింటున్నప్పుడు తట్టలేదు.

ఆగస్టు 5, మంగళవారం

ఆడి నెల, అమ్మవారి జాతర్ల నెల. అమ్మవారి గుడి దగ్గర నేల ఈనినట్టు జనం. అంబలి, పంబై డోళ్ళ మోత, వేపాకు. భజనకు మైకు పెట్టారు.

పాట తెగింది. మైకులో తెగింది. రుక్మిణమ్మ అందుకోబోయింది, దగ్గు. ఇంకా దగ్గు. హార్మోనియం ఆగిపోయింది. జనంలో ఎవరో — వయసైపోయింది పాపం, ఇంక ఇంట్లో కూర్చోరాదా. ఎవరో నవ్వారు కూడా.

జయంతి ఇంకేదో పాట ఎత్తుకుని కాపాడింది.

నేను గోడ బయట. కళ్ళు మూసుకుని ఆ ఖాళీ కోసమే కాచుకుని ఉన్న మనిషిని.

ఆగస్టు 6

సంగటి సహించలేదు.

ఆగస్టు 21, గురువారం

రుక్మిణమ్మ ఇంటికి వచ్చింది. ఆటోలో, ఒక్కతే. మంచినీళ్ళు తాగి నేరుగా విషయానికి వచ్చింది. సంవత్సరీకం కాగానే తాళాలు ఇయ్యమని. పక్కన కూర్చోడానికి జయంతి ఒప్పుకుందట. పై గొంతు వదిలేసి కిందికి దిగి, వరస అందుకోవడం నేర్చుకుంటుందట.

జయంతా అన్నాను. ఆమె తప్ప ఇంకెవరికీ ఆ ఒడుపు పట్టదంది.

కొత్త తాళాలు కొనిస్తానన్నాను. సరోజవి ఇంట్లోనే ఉండనీ అన్నాను. కొత్తవి అంగట్లో ఎన్నైనా దొరుకుతాయి, నువ్వు చేత్తో ఇయ్యకుంటే ఆ చాప మీద ఎవరూ కూర్చోరు అంది. అప్పుడు చెప్పేశాను. ఆ తెగే చోటు నాకు ఎంత ముఖ్యమో. దాన్ని పూడిస్తే నాకు మిగిలేది ఏమీ లేదని.

కోప్పడలేదు. మెల్లగా అంది. "నీకు ఆ ఖాళీ కావాల. నాకు ఊపిరి కావాలప్పా."

లేచి గూటి దగ్గరికి పోయి తాళాలను చూసింది. ముట్టుకోలేదు. వెళ్ళిపోయింది.

ఆగస్టు 22. వెళ్ళలేదు.

ఆగస్టు 23. వెళ్ళలేదు. ఆయమ్మకు ఇంకో మనిషి దొరకదా? ఇంత ఊర్లో?

సెప్టెంబర్ 2

బీన్స్‌కు రేటు లేదు. చామంతికి ఉంది. వినాయకుడి పందిళ్ళు లేచిపోయాయి కానీ వాటికోసం రోడ్డు మీద తవ్విన గుంతలు అట్లాగే వదిలిపెట్టారు. వెనక ఎవరూ లేకపోయినా గుంత వచ్చినప్పుడల్లా నెమ్మది చేస్తున్నాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

మునిరాజు తోటకే వచ్చాడు. అమ్మవారి గుడివాళ్ళు ఇంకో భజన బృందాన్ని పిలవాలని చూస్తున్నారట. ఈయమ్మ మధ్యలో ఆగిపోతాంది, వినేదానికి బాగలేదు అన్నారట. తాళాలు ఇయ్యనన్న నా సంగతి వాడికి తెలుసో తెలియదో.

పోయేటప్పుడు మాత్రం — మా లచ్చిమి డోలకే బాగుండాదన్నా, గొంతు జయంతమ్మదే అన్నాడు. వాడూ కనుక్కున్నాడన్నమాట. వాడి పని సులువు. వాడికి డోలక్ ఉంది.

సెప్టెంబర్ 10

సరోజ ఏళ్ళ తరబడి దాచిపెట్టింది. నాకు కూడా చెప్పకుండా, నేను పొరపాటుగా మెచ్చుకుంటుంటే ఆ మెప్పు ఇంకొకరిదని తెలిసీ నోరు మెదపకుండా. ఒక ఆడమనిషి ఊపిరి నలుగురిలో నవ్వులపాలు కాకూడదని. నేనేమో అది బయటపడే చోటు ఎక్కడా అని వారానికి అయిదు సాయంత్రాలు గోడ బయట కాపు కాశాను.

రాశాక చదువుకుంటే సిగ్గుగా ఉంది. అయినా తాళాలు గూట్లోనే ఉన్నాయి.

సెప్టెంబర్ 20, శనివారం

జయంతి వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా, మెడలో ఐడీ కార్డు అట్లాగే. గడప దగ్గరే నిలబడింది. కూర్చోమంటే కూర్చుంది.

మీకు ఇష్టం లేకపోతే నేను కూర్చోనండి, ఆ మాట చెప్పడానికే వచ్చాను అంది. రుక్మిణమ్మ పంపలేదట, తెలిస్తే తిడుతుందట.

ఏం చెప్పాలో తెలియక ఉన్నది చెప్పాను. ఇన్నేళ్ళూ నీ గొంతును మా సరోజ గొంతనుకొని విన్నానమ్మా అని. ఇంటికి పోతూ ఆమెను మెచ్చుకునేవాణ్ణని. తనేమో నవ్వి ఊరుకునేదని.

ఆ అమ్మాయి తల దించుకుంది. కార్డు తాడును వేలికి చుట్టుకుంది. తర్వాత అంది. "నా గొంతు కోసం బయట ఎవరో ఒకరు ఆగి వింటున్నారని నాకెప్పుడూ తెలీదండి."

ఇద్దరం ఏడ్చాం. కాఫీ పెట్టాను. పాలు విరిగాయి, నల్లగానే తాగింది.

మరి పై గొంతు వదిలేస్తే నీకు కష్టం కాదా అని అడిగాను. కష్టమేనండి అంది. అంతే అంది.

అక్టోబర్ 4

సంవత్సరీకం అయింది. బేరిగై నుంచి మనవాళ్ళంతా వచ్చారు. వడ, పాయసం, కాకికి పిండం. కాకి చాలాసేపటికి గానీ రాలేదు. ఇంకేం కావాలో, ఏం మనసులో పెట్టుకుందో అని పిన్నమ్మ అంది. నేను గూటి వైపు చూడలేదు. వచ్చింది చివరికి.

ఇంక నేను ఎక్కడికైనా పోవచ్చు. కొండ కూడా ఎక్కవచ్చు.

అక్టోబర్ 6

తాళాలు చింతపండుతో తోమాను. పట్టుకునే గుడ్డ మార్చలేదు. ఆమె కుట్టిందే, పాత రవికె ముక్క. ఒకసారి తాటించి చూశాను. ఇల్లంతా మోగింది. వెంటనే అరచేత్తో మూసేశాను.

అక్టోబర్ 14, మంగళవారం

ఇచ్చాను.

అమ్మవారి గుడి లోపలికి మొదటిసారి పోయాను. బయటి నుంచి అంత పెద్దదిగా వినబడిన చోటు ఇంత చిన్నదా. ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. పళ్ళెంలో ఆకువక్క, రెండు అరటిపండ్లు, చామంతులు, తాళాలు. జయంతి చేయి చాపితే నా చేయి పళ్ళెం వదల్లేదు. ఆ అమ్మాయి లాగలేదు. ఆగింది. లక్ష్మి డోలక్ మీద వేలు పెట్టుకుని అట్లాగే.

వదిలాను.

కూర్చోప్పా, ఈడనే విను అన్నారు. లేదమ్మా, నా చోటు బయటే అని వచ్చేశాను. వేపచెట్టు. మునిరాజు రెండు టీలు చెప్పి ఉంచాడు.

దశావతారాల పాట ఎత్తుకున్నారు. మీనం, కూర్మం. వరస సగం దాకా వచ్చింది. ఊపిరి బిగపట్టాను. దాటిపోయింది. ఎక్కడ ఎవరు ఆగారో, ఎవరు అందుకున్నారో తెలియలేదు. ఒకే గొంతు. నరసింహం, వామనం... నేను నేర్చుకున్న ప్రతి చోటా అంతే. పాట ఎక్కడా తెగలేదు.

పైన ఆ గొంతు లేదు. కింద ఆ ఖాళీ లేదు.

రుక్మిణమ్మ బయటికి వచ్చి ఎట్లుండెప్పా అని అడిగింది. ఆయాసపడకుండా, నవ్వు ముఖంతో. ఆమెను అట్లా చూసి ఏడాది దాటింది. బాగుందమ్మా అన్నాను. చాలా బాగుంది. అబద్ధం కాదు.

ఇంటికి వచ్చేటప్పుడు గుంతలో పడ్డాను. దెబ్బ ఏమీ తగల్లేదు. చూసుకోలేదు, అంతే.

అక్టోబర్ 16, గురువారం

ఇవాళ భజన జయంతి ఇంట్లోనట, అద్దె గదిలో. బయట బండి ఆపే చోటు ఉందో లేదో.

బండి బయటికి తీశాను. మళ్ళీ లోపల పెట్టాను. వెనక సీటు తుడిచాను. మళ్ళీ తీశాను.

మొదలయ్యే వేళ అయింది, పోవాలి...